ఇఱుకు రంగమున మహాసైన్యములు

చెడుగుడు ఆట నెఱుఁగని బాలుఁడు మన పాఠశాలలో లేఁడు. నేఁటి నిబంధనల ననుసరించి పురుషుల కబడ్డీ రంగము 13 మీటరుల పొడవును 10 మీటరుల వెడల్పును గలది. అందుఁ బ్రక్కకు ఏడుగురు చొప్పున ఆడుదురు. ఆ గీతల నడుమనే ప్రక్కకు ముప్పదియిద్దఱిని నిలిపి, ఆడుఁడని వ్యాయామోపాధ్యాయుఁడు ఈల యూఁదెనేని యేమగును? కూఁతకు వచ్చినవానికి అడుగు మోపుటకుఁ జోటుండదు. పట్టినవాఁ డెవఁడో పట్టుపడినవాఁ డెవఁడో తెలియదు. మంచి కూఁతగాఁడును జేతఁగానివాఁడును ఒక్కటే యగుదురు. బాలురు నవ్వుదురు, తల్లిదండ్రులు మఱునాఁడు ప్రధానోపాధ్యాయునికి ఉత్తరములు వ్రాయుదురు.

అయినను, తుపాకి పోరాటపు వీడియో ఆటలలో సరిగా నిట్టి యేర్పాటే కోరి కోరి యాడఁబడుచున్నది. పదిమందికిఁ దగిన చోట అఱువదిమందిని గుమిగూర్చి, గంటలకొలఁది ఆ యొక్క చోటనే పోరాడుటకు ఇష్టపడువారు లోకమున లక్షలకొలఁదిగాఁ గలరు. నేర్పరులైన ఆటకాండ్రు దీనిని గందరగోళమని యీసడింతురు. తల్లులు తలుపు వెలుపలనుండి విని, యిది పిచ్చి గోల యందురు. ఈ రెండు మాటలలోను గొంత నిజము లేకపోలేదు. కాని యిఱుకునఁ గూడిన గుంపునకు దానివైన లెక్కలు కొన్ని కలవు. వానిని జూచినపిమ్మట అది వట్టి గోలగాఁ దోఁపదు. అందువలన ఆ లెక్కలను జదువరుల యెదుట నుంచుచున్నాను.

ఈ యాటల నెన్నఁడును జూడని పెద్దల నిమిత్తము ముందుగా రెండు మాటలు. ఆటకాఁడు తెరపైఁ జూచునది తన పాత్రయొక్క కన్నులకుఁ గనఁబడు దృశ్యమే. తెర నడుమ తుపాకి కొన యొకటి కనఁబడుచుండును. అనేకులు తమ తమ యిండ్లలోఁ గూర్చుండి, ఇంటర్నెట్టు మూలమున ఒక్క సర్వరునుఁ జేరి, రెండు పక్షములై పోరాడుదురు. సర్వరనఁగా ప్రతివాని కదలికను లెక్కించి తక్కినవారి కందఱకుఁ దెలుపుచుండు కంప్యూటరు. పోరు జరుగు స్థలమును మ్యాపు అందురు. పేరు పటమని యర్థమిచ్చినను అది కాగితముమీఁది గీఁతలు కాదు. గోడలు, మెట్లు, వీధులు గల కల్పితస్థలము. గుండు తగిలి పడినవాఁడు ఆటనుండి తొలఁగిపోఁడు. కొన్ని సెకనులలో మరల నొకచోటఁ బుట్టును. చెడుగుడులోఁ జచ్చినవాఁడు, తనవారు ఎదుటివాని నొకని జంపఁగానే బ్రతికి లోపలికి వచ్చుట మన మెఱిఁగినదే గదా. ఇందు మాత్రము ఎవరి విజయముకొఱకును వేచియుండ నక్కఱలేదు. చచ్చినవాఁ డెడతెగక తిరిగి వచ్చుచుండుటయే ఇఱుకు రంగములలోని విశేషముల కన్నిటికిని మూలము.

1993లో వెలువడిన డూమ్ అను ఆటలో నలుగురు కలిసి యాడఁగలిగిరి. 1996లో వచ్చిన క్వేక్ నందు పదునాఱుగురికి వీలు గలిగెను. 2002లో స్వీడను దేశపు డైస్ సంస్థవారు తయారు చేసిన బ్యాటిల్‌ఫీల్డ్ 1942 అనునది ఆ సంఖ్యను ఒక్క సారిగా 64కు బెంచెను. అయితే వారు సంఖ్యకుఁ దగినట్లుగా స్థలమునుఁ గూడఁ బెంచిరి. టాంకులు, విమానములు, ఓడలు సంచరింపఁదగిన యెడారులును ద్వీపములును అందుఁ గలవు. నడచిపోవువానికి శత్రువు కనఁబడుటకు నిమిషములు పట్టెడివి. 64 మంది యున్నారన్న సంగతి మనస్సునకుఁ దోఁచునే గాని కంటికిఁ గనఁబడదు.

ఆ సంస్థవారే 2011 అక్టోబరులో బ్యాటిల్‌ఫీల్డ్ 3 ను వెలువరించిరి. అందు ఆపరేషన్ మెట్రో యను మ్యాపు ఒకటి. స్థలము పారిసు నగరము. ఒక ఉద్యానవనము, దాని క్రింద భూగర్భ రైలుమార్గము, మీఁదికి వచ్చినచో స్టాకు ఎక్స్‌ఛేంజి భవనము గల వీధి. మ్యాపులో జెండాలు పట్టుకొను ఆట యాడునపుడు టాంకులు లేవు, విమానములు లేవు. అందఱును కాలినడక వారే. ఆ యాటలో మూఁడు జెండాలు. ఒకటి క్రింద రైలు ప్లాటుఫారము దగ్గఱ. ఒకటి వెలుపలి వీధివైపున. మూఁడవది ఆ రెంటి నడుమ, టిక్కెట్టు లమ్ము హాలులో. ఒక పక్షము సొరంగము వైపునుండియు, రెండవది వీధి వైపునుండియు బయలుదేఱును.

ప్రతి పక్షమునకును మొదట కొన్ని టిక్కెట్టు లుండును. రైలు టిక్కెట్టులు కావు. ప్రాణముల లెక్క యనుకొనవచ్చును. ఒక్కఁడు చచ్చిన నొకటి తగ్గును. అదియుఁ గాక, జెండాలలో నెక్కువ పాలు ఎవరి చేతిలో నుండునో, వారి శత్రువుల టిక్కెట్టులు ఎవరు చావకున్నను గ్రమక్రమముగాఁ గారిపోవుచుండును. ఉన్నవి మూఁడే కావున రెండు గలవారిదే పైచేయి. తన యింటిముందరి జెండా నెవఁడైనను నిలుపుకొనును. కావున ఆటయంతయు నడిమి జెండామీఁదనే యాధారపడును. ఆ హాలునకు క్రిందినుండి పోవుటకుఁ గొలఁదిపాటి మెట్లదారులు తప్ప వేఱు మార్గము లేదు. హాలు పట్టినవారు మెట్లకొనల నిలిచి క్రిందికిఁ జూచుచుందురు. పట్టనివారు మెట్ల మొదట నిలిచి మీఁదికిఁ జూచుచుందురు. తఱచుగా ఆట ముగియువఱకును కథ యింతే.

ఇచట నొక చక్కని పరీక్ష తనంతట దానే యేర్పడినది. అదే యాటను కంప్యూటరుపై 64 మంది యాడఁగలిగిరి. టెలివిజనుకుఁ దగిలించు పెట్టెలగు ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 లపై 24 మందికే వీలు గలిగెను. గోడ లవే, మెట్లవే, జెండాలవే. మనుష్యులు మాత్రము వేఱు సంఖ్య. 24 మంది యున్నచోట, అనఁగాఁ బ్రక్కకు పండ్రెండుగురు, ఒకఁడు మెట్లెక్కి చూచునపుడు హాలు ఒక్కొక్కసారి ఖాళీగా నుండుటయుఁ గలదు. 64 మంది యున్నచోట నట్లు జరుగుట కలలోని మాట. ఆటకాండ్ర సంఖ్య రెండున్నర రెట్లకుఁ గొంచెము పైఁబడియే గదా, అంత మార్పు రానేల?

గణితము నభ్యసించు బాలురు దీనికి వెంటనే సమాధానము చెప్పవలెను. పోరాట మనునది యొకనితోఁ గలుగునది కాదు. ఈ ప్రక్కవాఁ డొకఁడును ఆ ప్రక్కవాఁ డొకఁడును గలిసిననే కలుగును. ప్రక్కకు పండ్రెండుగురున్న, ఎదురుపడఁదగిన జంటలు 12ను 12చే గుణింపఁగా 144. ప్రక్కకు 32 మంది యున్న, 32ను 32చే గుణింపఁగా 1024. మనుష్యులు రెండున్నర రెట్లు పెరిగిరి; ఎదురుపాటులు ఏడు రెట్లు పెరిగినవి. స్థల మంతే యుండెను గనుక ఆ యేడు రెట్లును ఆ మెట్లమీఁదనే తీఱవలెను. సర్వరు పడు కష్టముకూడ నీ రీతిదే: ఒక్కొక్కని సంగతి తక్కినవారి కందఱకుఁ దెలుపవలసినచో 24 మందికి 552 వార్తలు, 64 మందికి 4032. ఆటలలో పేరుపొందిన 'ల్యాగు' అను జాప్యమునకు ఇదియొక్కటే కారణము కాకున్నను, దీనికిఁ బాలు లేకపోలేదు.

ఇంతకంటె రసవత్తరమైన లెక్క ఇంకొకటి కలదు. ఇంగ్లండు దేశమున ఫ్రెడరిక్ విలియం లాంచెస్టరు అను ఇంజనీరు మోటారు కారుల నిర్మాణమునఁ బ్రసిద్ధి కెక్కినవాఁడు. అతఁడు మొదటి మహాయుద్ధకాలమున, 1916లో, విమానములును యుద్ధమును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అందు రెండు సైన్యములు తలపడినపుడు ఎవరెంతమంది మిగులుదురో లెక్క కట్టు పద్ధతిని వివరించెను. విశాలమైన మైదానమున ప్రతివాఁడును ప్రతివానిని గుఱిచూడఁగలఁడు; ఎక్కువమంది గలవారు ఒక్కొక్క శత్రువుపైఁ బెక్కు తుపాకులను ద్రిప్పఁగలరు. అందువలన నచట బలము సంఖ్యతోఁ గాక సంఖ్యయొక్క వర్గముతోఁ బెరుగును. 32 మందియు 24 మందియు సమానమైన నేర్పుతో నట్లు పోరాడిరనుకొందము. 32 వర్గము 1024, 24 వర్గము 576, భేదము 448, దాని వర్గమూలము ఇంచుమించుగా 21. అనఁగా 24 మందియుఁ బడిపోవునప్పటికి గెలిచినవారిలో 21 మంది నిలిచియుందురు. ఇఱుకు దారియందు మాత్రము ఒకనికి ఒకఁడే యెదురగును; వెనుకనున్నవారు ఊరక నిలువవలసినదే. అచట వర్గములకుఁ బనిలేదు. 32లోనుండి 24 తీసివేయఁగా ఎనమండ్రే మిగులుదురు. అధికసంఖ్యాబల మంతయు ఆ సందులో నణఁగిపోవును.

మెట్రోలోని మెట్లు సరిగా నిట్టి సందులే. అయితే యొక చిన్న భేదము కలదు. అదియే పైనున్నవారికిఁ గలసి వచ్చినది. మెట్లెక్కువారు ఒక్కసారి ముగ్గురు నలుగురికంటె నెక్కువగాఁ దలయెత్తలేరు. పైన హాలులో నర్ధచంద్రాకారముగా నిలిచిన పదునేనుగురు ఒక్క సమయమందే ఆ మెట్లకొనను గుఱిచూడఁగలరు. క్రిందివారికి సందు, పైవారికి మైదానము! లాంచెస్టరు పద్ధతినే యనుసరించిన, మూఁడు వర్గము తొమ్మిది. పదునేను వర్గము 225. ఇరువదియైదు రెట్ల బలమున కెదురుగాఁ బోవు ఆ ముగ్గురు మిక్కిలి నేర్పరులే యైనను ఏమి చేయఁగలరు? క్రిందనున్న తక్కిన యిరువదితొమ్మండుగురును వారు పడుట చూచి, తమ వంతుకై నిలుతురు. పడినవారు కొన్ని సెకనులలోఁ బుట్టి మరల వరుస చేరుదురు. ఇరుప్రక్కల సంఖ్య యెన్నఁడును దఱుగదు గనుక, ఎంతసేపైనను ఆ ముడి యట్లే బిగిసియుండును.

ఈ ముడిని విప్పఁజూచువారు మొదట చేపట్టునది బాంబు. తుపాకి గుండు ఒకనినే తాఁకును. గ్రెనేడు తాను బ్రద్దలైన చోటఁ జుట్టుప్రక్కల నున్నవారినందఱిని దాఁకును. కావున గుంపు దట్టమైనకొలఁది గ్రెనేడు విలువ హెచ్చును. గుఱి విలువ తగ్గును. ఎక్కడ విసరినను ఎవఁడో యొకఁడుండునని తెలిసినప్పుడు గుఱి చూడనేల? దీనికిఁ దోడు, తూటాల పెట్టెను నేలపైఁ బెట్టు సహాయకుఁడు ప్రక్కనే యుండుటచే గ్రెనేడులకుఁ గొదవయు లేదు. ఏండ్లతరబడి గుఱి నభ్యసించినవాఁడు, గోడమీఁదనుండి యెవఁడో కన్నులు మూసికొని విసరిన బాంబునకుఁ బడిపోవుట న్యాయమా యని నేర్పరుల ఫిర్యాదు. న్యాయము కాదనియే నా యభిప్రాయమును. సర్వరులను అద్దెకుఁ దీసికొని నడిపినవారిలోఁ గొందఱు, తమ సర్వరునందు రాకెట్టులను గ్రెనేడు తుపాకులను వాడరాదని కట్టడి చేసిరి. ఆ కట్టడిని మీఱినవానిని వెళ్ళఁగొట్టుటకుఁ గావలివారుకూడ నుండిరి. చట్టములు లేని సంగ్రామమునకు సైతము మునసబు కావలసివచ్చె నన్నమాట.

నే నీ సంగతుల నారసి చూచుటకుఁ గారణము మా చెల్లెలు. ఆమె కుమారుఁడు పందొమ్మిదేండ్లవాఁడు, డిగ్రీ చదువుచున్నాఁడు. (ఈ యాట అమెరికాలో పదునేడేండ్లు నిండినవారికే తగినదని ముద్ర వేయఁబడినది, మన పాఠశాలలోని చిన్నవారు ఈ వ్యాసమును సిఫారసు పత్రముగాఁ జేసికొనవలదు.) “అన్నయ్యా, వాఁడు సాయంకాలము కూర్చుండెనన్న ఒక్కటే చంపుడు, ఒక్కటే చచ్చుట, నీవు లెక్కల మాస్టరువు గదా, వానికిఁ గొంచెము చెప్పిపో” యని యామె నన్నుఁ బిలిచినది. చెప్పుటకుముందు చూడవలెను గదా యని వాని వెనుకఁ గుర్చీ వేసికొని కూర్చుంటిని. తెరపై నా మెట్రో.

అరగంటసేపు చూచితిని. వాఁడు శత్రువులను గూల్చినది మూఁడు మాఱులో నాలుగు మాఱులో. ఆట ముగిసినపుడు వెలువడిన పట్టికలో మాత్రము వానిపేరు తన పక్షమున మూఁడవది. నాకు నమ్మకము కలుగలేదు. “ఇంతమందిని జంపినవారు క్రింద నుండఁగా నీ వెట్లు పైకి వచ్చితి?” వని యడిగితిని. వాఁడు నవ్వి, “మామయ్యా, మీరు నా చేతులనే చూచితిరి, నా పనిని జూడలేదు” అనెను.

వాని పని యేమనఁగా: ఆ యాటలో ప్రతివాఁడును నాలుగు వృత్తులలో నొకదానిని గైకొనవలెను. వాఁడు తీసికొనినది మందుపెట్టెయు, గుండెకు విద్యుత్తునుఁ దగిలించి పడినవానిని లేపు పరికరమును గల వృత్తి. మెట్లమీఁదఁ దనవాఁడు పడఁగానే, అతఁడు పూర్తిగాఁ జావకమునుపే ప్రాఁకుకొని పోయి లేపవలెను. లేపినచో పోయిన టిక్కెట్టుకూడ నిలిచిపోవును. ఇఁక నంకెలు చూడుఁడు: ఆ యాట నిర్మించినవారు శత్రువు నొకనిఁ గూల్చినవానికి 100 అంకములును, పడిన తోడివాని నొకని లేపినవానికిని 100 అంకములును నియమించిరి. విశాలమైన మ్యాపులో లేపువానికిఁ బని తక్కువ. పడినవాఁ డెక్కడో దూరమునఁ బడును, చేరునప్పటికి సమయము మించిపోవును. ఇఱుకున నట్లు కాదు. నాలుగడుగులలో నలుగురు పడియుందురు. శత్రువుల తుపాకులు ఆ చోటినే గుఱిచూచుచుండును గనుక లేచినవాఁడు మరలఁ బడును, వానిని మరల లేపవలెను. గుంపు పెరిగినకొలఁది ఎదురుపాటులు వర్గముగాఁ బెరుగునంటిమి గదా. పడువారును ఆ లెక్కనే పెరుగుదురు, లేపువాని యవసరమును ఆ లెక్కనే పెరుగును.

ఈ సంగతి నాకుఁ గ్రొత్తగాఁ దోఁచినది. గుంపులో గుఱి విలువ పోయినదని నేర్పరులు చెప్పుట నిజమే. పోయిన యా విలువ యెక్కడికిఁ జేరినదో వారు చెప్పరు. అది తూటాల పెట్టె మోయువానికిని, మందుపెట్టె మోయువానికిని జేరినది. చేయి చుఱుకుగాఁ గదలనివాఁడు, ఆటకుఁ గ్రొత్తవాఁడు, నావలెఁ గండ్లజోడు పెట్టుకొనినవాఁడు సయితము ఆ మెట్లక్రింద నుపయోగపడును. విశాలరంగమున నట్టివాఁడు అరగంట నడచి ఒక్క గుండుతోఁ బడిపోవును; వానివలన నెవరికిని లాభము లేదు. క్రొత్తవారు ఇఱుకు రంగములకు మూఁగుటకు ఇది యొక ముఖ్యకారణమని నేను నమ్ముచున్నాను. అంతమాత్రమున దీనిని దయాధర్మముల పాఠశాలగా వర్ణింప నాకిష్టము లేదు. మావాఁడు లేపినవారిలో నొక్కని పేరైనను వాఁడెఱుఁగఁడు; వాఁడు పోఁగొట్టుకొన్న సాయంకాలములును నిజమైన సాయంకాలములే. లేచినవారిలో గుంపు వదలి నిలిచి కృతజ్ఞత దెలిపినవాఁ డొక్కఁడును నాకుఁ గనఁబడలేదు. ఒకఁడు మాత్రము, తన్ను లేపుట ఆలస్యమైనదని కొన్ని మాటలాడెను. ఆ మాటలు ఈ పత్రికలో వ్రాయఁదగినవి కావు.

ముడి విడుటకు బాంబుకంటె నొక మెలఁకువగల యుపాయము కలదు. పక్షములోనివారు నలుగురేసి చిన్నదళములుగా నేర్పడుదురు. దళములో నొకఁడు బ్రతికియున్నచోట, చచ్చిన తక్కిన ముగ్గురును వచ్చి పుట్టవచ్చును. హాలులోనివారి దృష్టియంతయు మెట్లపై నుండఁగా, ఒక్కఁడు గోడవెంబడి మెల్లగాఁ దప్పించుకొని వారి వెనుకకుఁ బోయెనేని, క్షణములో వాఁడు నలుగురగును. ఆ నలుగురును శత్రువుల యింటిజెండాను బట్టుకొనఁ జొచ్చిన, హాలులోనివారిలోఁ బదుగురు వెనుకకుఁ బరుగెత్తుదురు. మెట్లకొన నర్ధచంద్రము చెదరిపోవును. క్రిందివారు వరదవలె నెక్కుదురు. నేను చూచిన యరగంటలో నిట్లు జరిగినది ఒక్కసారి మాత్రమే. దానిని జేసినవాఁడు పట్టికలో నడుమ నెక్కడనో యుండెను. వాని కార్యమునకుఁ దగిన యంకము లేదు.

ఇఱుకు రంగములన్నియు మెట్రోవలెఁ బొడవైన సందులు కావు. 2007లో వెలువడిన కాల్ ఆఫ్ డ్యూటీ 4: మాడరన్ వార్‌ఫేర్ అను ఆటలో షిప్‌మెంట్ అను మ్యాపు కలదు. ఓడలపై సరకు లెక్కించు ఇనుప పెట్టెలు పేర్చిన చదరపు పెరడు అది. ఒక మూలనుండి మఱియొక మూలకు కొన్ని సెకనుల పరుగు. ఇట్టిచోట యుద్ధరేఖ యనునదే యేర్పడదు. చిక్కంతయు పునర్జన్మమున. పడినవానిని శత్రువులకు దూరముగాఁ బుట్టింపవలెను. పెరటిలో నన్ని మూలలయందును శత్రువులే యున్నప్పుడు సర్వరు ఎచ్చటఁ బుట్టించును? ఎక్కడో పుట్టింపక తప్పదు గనుక, ఒకప్పుడు చంపినవాని వీఁపువెనుకనే చచ్చినవాఁడు పుట్టును; ఒకప్పుడు పుట్టినవాఁడు కన్ను తెఱవకమునుపే పడును. 2021లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: వాన్‌గార్డ్ అను దానిలో, ఆటయొక్క వేగమును ఆటకాండ్రే యెన్నుకొనునట్లు చేసి, బ్లిట్జ్ అను విభాగమున 48 మంది వఱకుఁ జేరనిచ్చిరి. చిన్న మ్యాపులలో నది యెట్లుండెనో చదువరులు ఊహించుకొనఁగలరు. మెట్రోలో నొక వరుస కలదు, ముందు వెనుకలు కలవు, లేపువానికిఁ దావు కలదు. షిప్‌మెంటులో నవి లేవు. అది నాకు రుచింపలేదు.

సంఖ్యను బెంచుచు ఇఱుకును దప్పించుటకుఁ జేసిన ప్రయత్నములు కూడఁ గలవు. 2010లో ప్లేస్టేషన్ 3 కొఱకు వెలువడిన మ్యాగ్ అను ఆటలో 256 మంది యొక్కసారి పోరాడిరి. కాని వారిని ఎనమండ్రేసి దళములుగాను, నాలుగు దళము లొక ప్లటూనుగాను, నాలుగు ప్లటూను లొక కంపెనీగాను విభజించి, ఒక్కొక్కదానికిఁ దన తావును జూపిరి. 2014 జనవరిలో దాని సర్వరులు మూయఁబడినవి. 2021 నవంబరున వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 2042 లో 128 మందికిఁ దగినట్లు మహావిశాలములగు మ్యాపులను గట్టిరి. నడక యెక్కువ, పోరు తక్కువ యని యాటకాండ్రు గొణిఁగిరి; 2022లో దానిలోని బ్రేక్‌త్రూ అను విభాగమున సంఖ్యను మరల 64కు దించిరి. జనసాంద్రత యనునది వంటలోని యుప్పువంటిది. సంఖ్యను జూచి గాని స్థలమును జూచి గాని విడివిడిగాఁ జెప్పఁజాలము.

మన జిల్లాలలోని యువకులు దీనిని బబ్‌జీ మూలముగా బాగుగ నెఱుఁగుదురు. ఫోనులో నాడు ఆ యాటను 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వము నిషేధించెను. 2021లో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా యను పేర మఱియొక రూపమున వచ్చెను. దాని మూలమగు ఆటలో ఎరంగెల్ అను ద్వీపము 8 కిలోమీటరుల పొడవు, 8 కిలోమీటరుల వెడల్పు, నూఱుగురు దిగుదురు. చదరపు కిలోమీటరునకు ఒకటిన్నర మనిషి. 2018లోని సన్‌హోక్ అను ద్వీపము 4 కిలోమీటరుల చదరము. నూఱుగురే దిగుటచేఁ జదరపు కిలోమీటరునకు ఆఱుగురు దాఁటిరి. 2020లోని కరాకిన్ 2 కిలోమీటరుల చదరము, 64 మంది, పదునాఱుగురు. అందు మఱియొక చమత్కారము కలదు. ఆట సాగినకొలఁది, నిలువఁదగిన చోటు వలయాకారముగాఁ గుంచించుకొనుచుండును. విశాలరంగమే క్రమముగా ఇఱుకురంగ మగును. అయితే అచటఁ జచ్చినవాఁడు సాధారణముగా మరలఁ బుట్టఁడు గనుక, చోటుతోపాటు మనుష్యులును దగ్గుదురు. మెట్రోలోని ముడి పడదు.

మెట్రోను డైస్ వారు 2013లోని బ్యాటిల్‌ఫీల్డ్ 4 కొఱకు మరలఁ గట్టి, ఆపరేషన్ మెట్రో 2014 అని పేరుపెట్టి, కొన్ని క్రొత్త దారులను దెఱచిరి. ఆ యాటలోనే మంచుకొండలలోని చెఱసాలను రంగముగాఁ జేసికొని, ఆపరేషన్ లాకర్ అను మఱియొక యిఱుకు మ్యాపునుఁ గూడఁ గల్పించిరి. పాత ఆటను పెట్టెలపై నాడువారి సర్వరులు 2024 నవంబరులో మూయఁబడినవి.

ఇఁక మా చెల్లెలి ఫిర్యాదు. నేను లెక్కలన్నియు వివరింపఁగా ఆమె యోపికతో విని, “సరే, చంపుటకంటె లేపుటయే యెక్కువ చేయుచున్నాఁడు గదా, రోజునకు ఒక్క ఆట యాడనిత్తును” అనెను. మేనల్లుఁడు వెంటనే యొప్పుకొనెను. వాఁ డంత త్వరగా నొప్పుకొనుట చూచి నాకు సందేహము గలిగినది. విచారింపఁగాఁ దేలిన దేమనఁగా, వాఁడు చేరు సర్వరువంటివి కొన్ని పగలు రాత్రియు ఆ మెట్రో నొక్కదానినే నడుపుచు, టిక్కెట్టుల సంఖ్యను బలురెట్లు పెంచియుంచును. రెండు పక్షములును మెట్లకడ బిగిసిపోయి, మందుపెట్టెలవారు పోయిన టిక్కెట్టులను మరల నిలుపుచుండఁగా, ఆ యొక్క ఆట ముగియుటకు గంటకుఁ బైఁగాఁ బట్టును. ఒప్పందము నాటలలోఁ గాక నిమిషములలో వ్రాసికొనవలసినదని మా చెల్లెలికిఁ జెప్పితిని. నలుబదియైదు నిమిషములకుఁ గుదిరినది. మేనల్లుఁడు రెండు దినములు నాతో మాటలాడలేదు.